ఒకే కారు, ఇద్దరు నాయకులు

1988 మే నెల, మొనాకో ఫార్ములా వన్ రేసు. శనివారం క్వాలిఫయింగ్‌లో అయర్టన్ సెన్నా ఒక చుట్టును 1 నిమిషం 23.998 సెకన్లలో పూర్తిచేశాడు. అతని తర్వాతి స్థానం అలాన్ ప్రోస్ట్‌ది, 1.427 సెకన్ల వెనక. సెకనులో వెయ్యో వంతు కూడా లెక్కకు వచ్చే ఆటలో అది నమ్మశక్యం కాని దూరం. అయినా నన్ను ఇన్నేళ్లుగా కట్టిపడేసింది ఆ అంకె కాదు, దాని వెనకున్న సమానత. ఇద్దరిదీ మెక్‌లారెన్ జట్టే. ఇద్దరి కిందా అదే ఎంపీ4/4 కారు, అదే హోండా టర్బో ఇంజిను. వెనకబడినవాడు సామాన్యుడా? అప్పటికే రెండుసార్లు ప్రపంచ విజేత, ఆ వీధుల్లోనే మూడుసార్లు గెలిచినవాడు. కారు గొప్పదనం అనే మాట ఇక చెల్లదు. మిగిలేది మనిషి చెయ్యి, పాదం, గుండె.

మన లక్షణకారులు నాయకులను విభజించిన తీరులో చూస్తే సెన్నా ధీరోద్ధతుడు, అంటే ఆవేశం గల వీరుడు; ప్రోస్ట్ ధీరశాంతుడు, అంటే నిగ్రహం గలవాడు. కావ్యంలో ఉద్ధతుడు సాధారణంగా ప్రతినాయకుడి స్థానంలో నిలబడతాడు. ఇక్కడ ఆ పీట ఎవరికి వేయాలో తేలదు. మనసు ఒక చుట్టులో ఇటు, మరో చుట్టులో అటు మొగ్గుతుంది.

సెన్నా అందం ఎవరికైనా కనిపిస్తుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్‌ను చిన్న చిన్న తాకిళ్లతో పదేపదే కదుపుతూ కారును జారే అంచు మీద నిలబెడతాడు. ఆ మొనాకో చుట్లలో తాను ఆలోచించి నడపలేదని, ఏదో సొరంగంలో పోతున్నట్టు అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు. ప్రోస్ట్ అందం చూడటానికి మాత్రం కన్ను కొంచెం పండాలి. స్టీరింగ్ మీద కుదుపు ఉండదు, టైరు అరవదు. నింపాదిగా పోతున్నాడనుకుంటాం, గడియారం కాదంటుంది. ఆ ఏడాది టర్బో కార్లకు రేసు మొత్తానికీ 150 లీటర్ల ఇంధనమే. ఆ పొదుపును అతను కళగా మార్చాడు. అతనికున్న ‘ప్రొఫెసర్’ అన్న బిరుదులో ఆ నిగ్రహంలోని లాలిత్యం సగం కూడా పలకదు.

మర్నాటి రేసు నాకు ఈ నాటకంలో పతాక సన్నివేశం. సెన్నా అందనంత ముందున్నాడు. ప్రోస్ట్ చాలాసేపు బెర్గర్ అనే డ్రైవరు ఫెరారీ వెనక చిక్కుకుని, 54వ చుట్టులో దాటాడు. దాటగానే వేగం పెంచాడు. దాదాపు 50 సెకన్ల ఆధిక్యం చేతిలో ఉన్నా సెన్నా తట్టుకోలేక జవాబు చెప్పాడు. నెమ్మదించమని జట్టు రేడియోలో చెప్పింది. నెమ్మదించాడు, ధ్యానం చెదిరింది. 67వ చుట్టులో పోర్టియే మలుపు దగ్గర గోడకు తగిలాడు. కారు దిగి నేరుగా దగ్గర్లోని తన ఇంటికి వెళ్లిపోయాడు. గెలుపు ప్రోస్ట్‌ది. అద్దంలో కూడా కనిపించనంత దూరాన ఉన్నవాడు అంత పని చేయడం, ప్రత్యర్థి మనసులోనే కూర్చుని రేసు నడపడం నేను మరెక్కడా ఇంత స్వచ్ఛంగా చూడలేదు.

అదే ఏడాది పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో సెన్నా ప్రోస్ట్‌ను పిట్ గోడ వైపు నెట్టుకుంటూ పోయాడు. శాంతుడు ఆ క్షణాన పాదం ఎత్తలేదు, దాటి గెలిచాడు. జపాన్‌లోని సుజుకాలో సెన్నా కారు మొదట్లోనే ఆగిపోయింది. దారి పల్లంగా ఉండటంతో దొర్లి ఇంజిను అందుకుంది. 14వ స్థానానికి జారినవాడు 28వ చుట్టులో ప్రోస్ట్‌ను దాటి, ఆ రేసుతోనే ప్రపంచ విజేత అయ్యాడు. ఆ ఏడాది 16 రేసుల్లో 15 మెక్‌లారెన్‌వే: సెన్నాకు 8, ప్రోస్ట్‌కు 7. మొత్తం పాయింట్లు ప్రోస్ట్‌వే ఎక్కువ, 105కు 94. ఉత్తమమైన 11 ఫలితాలే లెక్కించే నియమం వల్ల 90–87తో కిరీటం సెన్నాది. ఒక్క ఋతువులో ఇద్దరు నాయకులూ నెగ్గిన కావ్యం ఇది.

1989లో సుజుకాలోని చికేన్ అనే వంకర మలుపు దగ్గర రెండు కార్లూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఆగిపోయాయి. ప్రోస్ట్ దిగిపోయాడు. సెన్నా మళ్లీ బయల్దేరి గెలిచినా అనర్హుడయ్యాడు. చాలామంది ఈ పోటీ అనగానే ఆ దృశ్యాన్నే తలుచుకుంటారు. నాకది రసభంగం. మరుసటి ఏడు అక్కడే మొదటి మలుపులో సెన్నా ఢీకొట్టింది ఫెరారీలో ఉన్న ప్రోస్ట్‌ను. దాన్ని ఈ కావ్యంలో చేర్చడానికి నాకు మనసొప్పదు. అప్పటికి కార్లు వేరు, జట్లు వేరు.