ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

మేము సినిమా పండితులం కాము. కెమెరా పనితనం గురించీ ఎడిటింగు గురించీ చెప్పే చదువు మాకు లేదు. పౌర్ణమి నాడు విహారంలో త్రిశరణ పంచశీలాలు అయ్యాక, జనం ఇళ్ళకు వెళ్ళిపోకుండా గోడకు తెల్ల దుప్పటి కట్టి ఒక సినిమా వేస్తున్నాం, అంతే. చూసేది పొలం పనికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు, డిగ్రీ చదివే పిల్లలు, రిటైరైన టీచర్లు ఇద్దరు ముగ్గురు. సినిమా అయ్యాక టీ తాగుతూ కాసేపు మాట్లాడుకుంటాం. ఈ వ్యాసం ఆ మాటల్లోంచి వచ్చిందే.

మొదట వేసింది 'జై భీమ్'. పేరే అది కనుక ఇంకో ఆలోచన రాలేదు. 2021 నవంబరులో తెలుగులో కూడా విడుదలైంది కాబట్టి భాష ఇబ్బంది లేదు. అయిపోయి లైట్లు వేసేసరికి చాలామంది కళ్ళు తుడుచుకుంటున్నారు. అప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒకామె అడిగింది: "సినిమా బానే ఉంది అన్నయ్యా. అలాంటి లాయరు మనకెక్కడ దొరుకుతాడు?" ఆమె కొడుకును కొట్టిన కేసు మూడేళ్ళుగా వాయిదాల మీద నడుస్తోంది. లా పట్టా ఉన్న మేము ఆ రాత్రి ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ తర్వాత ఏ సినిమా చూసినా ఆ ప్రశ్న పక్కన కూర్చున్నట్టే ఉంది.

'జై భీమ్'లో మెచ్చుకోవలసింది చాలా ఉంది. జైలు గేటు దగ్గర విడుదలైన వాళ్ళను నిలబెట్టి కులం అడిగి, కొందరిని ఇంటికి పంపి, మిగతావాళ్ళ మీద పాత కేసులు రుద్దడానికి మళ్ళీ బండెక్కించే మొదటి సన్నివేశం ఒక్కటి చాలు. పదేళ్ళు ప్రాక్టీసు చేసినా కొందరికి తెలియని సంగతి అందులో ఉంది. హెబియస్ కార్పస్ పిటిషన్‌లో సాక్షులను విచారించవచ్చా అన్న ప్రశ్న వస్తే, కేరళ రాజన్ కేసును ముందు పెట్టి వాదించడం కూడా బాగుంది. పాటలకూ ఫైట్లకూ అలవాటైన ప్రేక్షకులను చట్టం మీద అంతసేపు కూర్చోబెట్టడం తేలిక కాదు.

అయినా ఆమె ప్రశ్న అలాగే ఉంది. సినిమా సగం వరకూ సెంగెణి తన కాళ్ళ మీద తను నడుస్తుంది. ఇంటి దగ్గర దింపుతామని పోలీసులు బతిమాలినా జీపు ఎక్కదు. నిండు గర్భిణి, పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు మీద నడుస్తుంటే జీపు వెనక మెల్లగా వస్తుంది. డబ్బు తీసుకుని కేసు వదులుకోమంటే కాదంటుంది. కోర్టు హాల్లోకి వచ్చేసరికి మాత్రం ఆమెకు మిగిలిన పని ఏడవడం. మాట్లాడేదంతా నల్ల కోటు. ఆ లాయరు కల్పిత పాత్ర కాదు, తర్వాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిన చంద్రు గారు. 1993లో జరిగిన అసలు ఘటనలో ఆయన నిజంగానే ఆ పేదరాలి తరఫున నిలబడ్డారు. ఆయన మీద మాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. మా ఫిర్యాదు కథ చెప్పిన తీరు మీద. అసలు కేసులో ఆమె ఏళ్ళ తరబడి తిరిగిన తిరుగుడు తెరమీద హీరో చేసిన పరుగుగా మారింది. చివర్లో ఆయన ఎదురు కుర్చీలో ఆ చిన్నపిల్ల కాలు మీద కాలు వేసుకుని పేపరు తెరిచే దృశ్యం ఉంది. రెండున్నర గంటల్లో మాకు బాగా నచ్చింది అదే. అక్కడితో సినిమా అయిపోయింది. మాకైతే అసలు కథ అక్కడ మొదలైనట్టు అనిపించింది.

'ఆర్టికల్ 15' (2019) గురించి ఎక్కువ రాయం. కూలి మూడు రూపాయలు పెంచమన్నందుకు ఆడపిల్లలను చంపి చెట్టుకు వేలాడదీసిన కథ. కడుపు తరుక్కుపోతుంది. కానీ విదేశాలు తిరిగొచ్చిన బ్రాహ్మణ ఐపీఎస్ అధికారికి కులం ఉందని కొత్తగా తెలియడం కోసమే ఆ పిల్లలు చనిపోయినట్టుంది నడక. బహుజనుల నాయకుడుగా వచ్చిన నిషాద్‌ను చంపేస్తారు, అధికారి మిగులుతాడు. స్టేషను నోటీసు బోర్డు మీద 15వ అధికరణాన్ని అంటిస్తాడు, మంచిదే. మా డిగ్రీ కుర్రాడొకడు "అంటరానితనాన్ని రద్దు చేసింది పదిహేడు కదా సార్" అని అడిగితే, రాజ్యాంగం క్లాసు వృథా పోలేదని సంతోషించాం.

'పరియేరుం పెరుమాళ్' (2018) సంగతి వేరు. తమిళం రాకపోయినా కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను మాలో ఒకరు చదివి తెలుగులో చెబుతుంటే అందరూ కదలకుండా చూశారు. తిరునెల్వేలి లా కాలేజీలో చేరిన కుర్రాడి కథ. ఏమవుతావని అడిగితే డాక్టరునవుతానంటాడు. మరి ఇక్కడికెందుకు వచ్చావంటే, సూది పొడిచే డాక్టరు కాదు, అంబేడ్కర్ లాంటి డాక్టరు అంటాడు. క్లాసులో పాఠం ఇంగ్లీషులో సాగిపోతుంటే బిక్కచచ్చిపోతాడు. అక్కడ మాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తెలుగు మీడియం నుంచి లా కాలేజీకి వెళ్ళిన మేము, మొదటి నెలలో 'మెన్స్ రియా' అన్న మాట విని ఎవరో ఇంగ్లీషు దొరసాని పేరనుకున్నాం. నేరపు తలంపు అని తెలిసేసరికి మొదటి ఇంటర్నల్ పరీక్ష అయిపోయింది.

ఈ సినిమాలో పరియన్‌ను ఎవరూ రక్షించరు. ఆడవేషం కట్టి ఆడే తండ్రిని నడిరోడ్డు మీద బట్టలూడదీసి పరిగెత్తించినప్పుడు ఏ అధికారీ జీపులో దిగడు. అట్టడుగు నుంచి ఎదిగొచ్చిన ప్రిన్సిపాలు అభయం ఇవ్వడు. ఉరి పోసుకునే కంటే కొట్లాడి చావడం మేలన్నట్టు మాట్లాడి, ఆ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని మాత్రం తెలియజేస్తాడు. ఆఖర్న తనను చంపించబోయిన పెద్దమనిషిని చంపే అవకాశం పరియన్ చేతికి వస్తుంది. చంపడు. మీరు మీరుగానే ఉండి, మేము కుక్కల్లాగే ఉండాలని మీరు కోరినంతకాలం ఏదీ మారదని ముఖాన చెబుతాడు. మా ఉపాసకుల్లో ఒకాయన దీన్ని ఖంతి పారమి అన్నాడు. కొందరు కుర్రాళ్ళు ఒప్పుకోలేదు, అది ఓర్పు కాదు, గతిలేనితనం అన్నారు. ఆ వాదన పదకొండింటి దాకా నడిచింది, తేలలేదు. మా మటుకు మాకు ఉపాసకుడి మాటే సరైనదనిపించింది. చేతిలో బలం లేనివాడు ఊరుకోవడం వేరు, చేతికి అందినవాణ్ణి వదిలి మాట్లాడటం వేరు. చివరి దృశ్యంలో పక్కపక్కన రెండు టీ గ్లాసులు, మధ్యలో ఒక పువ్వు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మా వయసువాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

నాగరాజ్ మంజుళే 'ఫండ్రీ' (2013)లో ఇంకో గోడ ఉంది. ఊరంతా చూసి నవ్వుతుండగా పందిని పట్టే కైకాడీ కుటుంబం. పంది చిక్కబోయే క్షణంలో బడిలోంచి జాతీయగీతం వినిపిస్తే ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు, పంది తప్పించుకుంటుంది. తర్వాత దాన్ని కర్రకు కట్టి మోసుకుపోతుంటే, బడి గోడ మీద బాబాసాహెబ్, సావిత్రీబాయి బొమ్మలు. మన విహారం గోడ మీద ఉన్నవి కూడా అవే బొమ్మలు. ఆ దృశ్యం వచ్చినప్పుడు హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

మధ్యలో ఆడవాళ్ళ కోరిక మీద 'మేడ్ ఇన్ హెవెన్' సీరియల్ రెండో భాగంలో (2023) నీరజ్ ఘేవాన్ తీసిన ఎపిసోడ్ కూడా వేశాం. దళిత వధువు తన పెళ్ళి బౌద్ధ పద్ధతిలో కూడా జరగాలని గట్టిగా అడుగుతుంది, జరిపించుకుంటుంది. తెరమీద బుద్ధుడూ బాబాసాహెబూ పక్కపక్కన ఉండగా మన పెళ్ళి కనిపించేసరికి చప్పట్లు కొట్టారు. ఆ పెళ్ళి చట్టం లెక్కలో ఇప్పటికీ హిందూ వివాహ చట్టం కిందికే వస్తుందని మేము నోరు జారి, చివాట్లు తిన్నాం.

ఇక మన తెలుగు. 1938లోనే 'మాలపిల్ల' తీసిన పరిశ్రమ ఇది. 2020లో కరుణ కుమార్ 'పలాస 1978' వచ్చింది, కళాకారుల కుటుంబంలోంచి తిరుగుబాటు పుట్టడం వరకూ బాగుంది, తర్వాత కత్తుల్లో పడి కొట్టుకుపోయింది. కోర్టు కథ కావాలంటే మన దగ్గర చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. బతికినవాళ్ళు మాకు ఎక్కడో కోర్టు వద్దు, మా ఊళ్ళోనే కావాలని పట్టుబట్టారు, సాధించారు. నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అంతకుముందు కారంచేడు, 1985. ఆ హత్యలకు నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి వచ్చిన బొజ్జా తారకం గారు. చంద్రు గారి మీద సినిమా వచ్చింది, సంతోషం. తారకం గారి మీద ఎందుకు రాలేదని మా టీచరుగారు అడిగారు. వస్తే మంచిదే. కానీ ఆ సినిమాలో కోర్టును ఊళ్ళోకి రప్పించిన ఆడవాళ్ళు మళ్ళీ వెనక బెంచీ మీద కూర్చుని ఏడుస్తూ ఉంటారేమోనని మా భయం.

ఎందుకంటే చట్టం కూడా వాళ్ళను వెనక బెంచీకి పంపడం లేదు. అట్రాసిటీ చట్టంలో 2016 జనవరి నుంచి అమలులోకి వచ్చిన 15ఏ సెక్షన్ ఉంది. వాయిదాల సంగతి, బెయిలు దరఖాస్తు సంగతి బాధితులకు ముందుగా తెలియాలి. బెయిలు మీద వాళ్ళ మాట వినాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని పెట్టే వీలు 1995 నిబంధనల్లో ఉంది. మేము చూసిన కోర్టు సినిమాల్లో ఏ పాత్రా ఈ సెక్షన్ పేరెత్తదు. బాధితురాలు తనే లేచి మాట్లాడితే హీరోకు పని తగ్గుతుంది మరి. ఆ రోజు వెనక వరసలో అడిగిన ఆమెకు ఈ సంగతి మేము చెప్పింది ఎప్పుడనుకున్నారు? నాలుగు సినిమాల తర్వాత. కొడుకు చేత ఆ సెక్షన్ రాయించుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్ళింది. పోయిన వాయిదాకు ప్రభుత్వ లాయరు కోసం ఎదురుచూడకుండా తనే లేచి నిలబడిందట. జడ్జి గారు తర్వాత వింటామని కూర్చోబెట్టారట. "తర్వాత అంటే వచ్చే నెల తొమ్మిది" అని మాకు తనే చెప్పింది.

చైతన్య తమ్హానే తీసిన 'కోర్ట్' (2014) ఇంకా వేయలేదు. మేము విడిగా చూశాం. మురుగు గుంతలో దిగి చనిపోయిన కార్మికుడి చావుకు ఒక లోకశాహిర్ పాట కారణమని పెట్టిన కేసు. ఆ శాహిర్‌గా వేసిన వీరా సాథీదార్ నాగపూర్ అంబేడ్కరైట్ కార్యకర్త, 2021లో కోవిడ్‌తో పోయారు. అందులో కార్మికుడి భార్య బోనెక్కి, దిగేముందు ఆయన గుంతలోకి రాయి వేసి చూసేవాడని, బొద్దింక బయటికొస్తే లోపల గాలి ఉన్నట్టని అతి మామూలుగా చెబుతుంది. ఏడవదు. లాయర్లిద్దరూ, జడ్జీ వింటారు. తర్వాత కోర్టుకు వేసవి సెలవులు. సినిమా నెమ్మది, పాటలు తక్కువ, నిద్రపోతారని కొందరు వద్దంటున్నారు. మేము మాత్రం వచ్చే పౌర్ణమికి అదే వేద్దామని పట్టుబట్టాం. పాత్రలు ఎక్కువగా మరాఠీలో మాట్లాడతాయి. మరాఠీ వచ్చిన ధమ్మ బంధువు ఎవరైనా ఆ రాత్రి తెర పక్కన నిలబడి చెబితే బాగుంటుంది.