అతిమానుష నాయకుడు – రసవిఘ్నము: 'సూపర్ మాన్' చిత్ర పరిశీలనము

అతిమానుష శక్తులుగల నాయకుల చలనచిత్రములయందు మాకు అభిరుచి లేదు. నాయకుడు ఓడడని ముందే తెలిసియుండుట, యుద్ధములు సుదీర్ఘములై సంభాషణము కొఱవడుట, నగరములు కూలినను ఒక్కని దుఃఖమైన మనసున కంటకుండుట – ఇవి మా అయిష్టమునకు హేతువులు. ఇష్టము లేని ప్రక్రియనుండి ఒక ప్రసిద్ధ కృతిని గ్రహించి పరిశీలించినచో, దోషము ప్రక్రియదా, కృతిదా, లేక చూచువానిదా యను ప్రశ్న తేటపడును. ఇందులకై రిచర్డ్ డానర్ దర్శకత్వమున 1978లో వెలువడిన 'సూపర్ మాన్' అను ఆంగ్లచిత్రమును గ్రహించితిమి.

రసప్రతీతికి విఘ్నములు ఏడని అభినవగుప్తుడు అభినవభారతియందు చెప్పెను. వానిలో మొదటిది సంభావనావిరహము. అనగా, ఇట్లు జరుగునని ప్రేక్షకుడు భావింపలేకపోవుట. లోకసామాన్యమును మించిన కార్యములను ప్రదర్శించునపుడు రామాదులవంటి ప్రఖ్యాత నాయకులను గ్రహింపవలెననుట దానికి ఆయన చూపిన పరిహారము. చిరకాల ప్రసిద్ధివలన నాటుకొనిన ప్రత్యయము సందేహమును అణచును. హనుమంతుడు సముద్రమును లంఘించెననగా మనము శంకింపము. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను యువకులు సృజించిన సూపర్ మాన్ 1938లో బొమ్మల కథలలో ప్రవేశించి, నలువదియేండ్లలో అమెరికా ప్రజలకు అట్టి ప్రఖ్యాతుడయ్యెను. ఆ సంస్కారము మాకు బాల్యమున అలవడినది కాదు. కావున ఎగురు మనుష్యునియెడ కలుగు అవిశ్వాసమును చిత్రముపై మోపుట న్యాయము కాదు. దోషమున్నచో వేఱొకచోట వెదకవలెను.

కథ విదితమే. నశించుచున్న క్రిప్టాన్ గ్రహమునుండి జోరెల్ తన శిశువును భూమికి పంపుచు, మానవ చరిత్రమున జోక్యము కలుగజేసికొనరాదని శాసించును. శిశువును పెంచిన కెంట్ గుండెపోటుతో మరణించినపుడు, ఇన్ని శక్తులుండియు తండ్రిని కాపాడలేకపోతినని ఆ యువకుడు వగచును. చిత్రమున కరుణము నిజముగా అంకురించిన ఘట్టమిది.

క్రిస్టఫర్ రీవ్ అభినయమునుగూర్చియు ఒక మాట చెప్పవలెను. లోయిస్ లేన్ ఇంట క్లార్క్ తన నిజస్వరూపమును తెలుపనెంచి కళ్లజోడు తీయును. వంగిన వెన్ను నిటారగును, కంఠము గంభీరమగును. అంతలో ధైర్యము చాలక అతడు మరల మునుపటి బిడియగాడగును. యంత్రమాయ లేకయే, ఆంగిక వాచికములచేత మాత్రమే, ఒక దేహమున ఇద్దరు మనుష్యులు గోచరింతురు. ప్రక్రియపై అయిష్టమున్నను ఈ ఘట్టమును మెచ్చకుండుట అసాధ్యము.

ఇక పతాకఘట్టము. ప్రతినాయకుడైన లూథర్ రెండు క్షిపణులను మరలించును: ఒకటి తూర్పున న్యూజెర్సీలోని హాకెన్‌సాక్ పట్టణముపైకి, మఱొకటి పడమట కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ భ్రంశరేఖపైకి. లూథర్ అనుచరురాలైన యువతి తల్లి హాకెన్‌సాక్‌లో నివసించుచున్నది. ముందుగా ఆ క్షిపణినే ఆపుదునని మాట తీసికొని ఆమె బందీయైన నాయకుని విడిపించును. అతడు మాట తప్పడు. ఆ ఆలస్యమువలన రెండవ క్షిపణి పేలును. భూకంపమున లోయిస్ కారులోనే మట్టిక్రింద పడి మరణించును. ఆడిన మాటకు ప్రియురాలి ప్రాణము మూల్యమైనది. హరిశ్చంద్రుని కథ వినిపెరిగిన వారికి ఇది పరిచితమైన ధర్మసంకటము. యుద్ధవీరము ఇచ్చట ధర్మవీరమున పరిణమింపవలసియున్నది. కాని నాయకుడు భూమిచుట్టు మహావేగమున తిరిగి కాలమును వెనుకకు మరలించును, లోయిస్ బ్రదుకును.

పితృశాసనమును మీఱి ప్రేమను వరించిన ఆ క్షణముననే అతడు మానవుడయ్యెనని కొందఱు సమర్థింపవచ్చును. ఆకాశమున అతనికి జోరెల్ మాటయు, కెంట్ మాటయు పోటీపడి వినిపించుట ఈ వాదమునకు బలము. కాని ఆ ఉల్లంఘనమునకు చిత్రమున ఏ ఫలమును లేదు. మాట నిలుపుకొనుటవలన కలిగిన నష్టమును లేనిదాయెను. కాలము మరలునదియే యైనచో, తండ్రి మరణమున పలికిన వగపు మాటకు అర్థమేమి మిగులును?

మృతులు బ్రదుకుట మన కావ్యములందును కలదు. అయితే యుద్ధకాండమున హనుమంతుడు ఓషధిని గుర్తింపజాలకయే పర్వతశిఖరమును పెకలించి తెచ్చును. దానిని ప్రయోగించుటకు సుషేణుని వైద్యవిద్య అవసరమైనది. బలము తన హద్దు నెఱిగి విద్యకు తలయొగ్గినది. సావిత్రి యముని వెంట నడచి, సద్వాక్యములచే ఆయనను మెప్పించి, పతిప్రాణమును వరముగా పొందినది. యమధర్మము అట్లే నిలిచియున్నది. 'సూపర్ మాన్' చిత్రమున నాయకుడు ఎవ్వరిని యాచింపడు, దేనిని కోల్పోడు.

మా అయిష్టమునకు మూలము శక్తి అసంభవమగుటలో లేదు. కృతి తానే కల్పించిన మూల్యమును తానే రద్దుచేయుటలో నున్నది. ఎన్.టి. రామారావు నటించిన తెలుగు 'సూపర్ మాన్' (1980), ప్రశాంత్ వర్మ దర్శకత్వమున వచ్చిన 'హనుమాన్' (2024) నాయకుని శక్తిని ఆంజనేయునితో ముడిపెట్టి, మొదటి విఘ్నమును సులువుగా దాటినవి. ఆ శక్తికి నాయకుడు చెల్లించిన మూల్యము కథాంతమువఱకు నిలిచినదా యని పరిశోధక విద్యార్థులు వానియందును పరిశీలింపదగును.