రెండు నాళాలు, ఒక గర్భసంచి

బిడ్డ గ్రహణం మొర్రితో పుడితే మన ఊళ్లలో తల్లినే నిలదీస్తారు: గ్రహణం పూట బయటికి వెళ్లావా అని. ఆడపిల్ల గర్భసంచి తేడాగా ఉందని స్కానింగులో తేలినా నింద ఆ తల్లికో, ఆ పిల్లకో చుట్టుకుంటుంది. దానికి జవాబు పిండశాస్త్రం దగ్గరుంది. అవయవం ఎలా తయారవుతుందో తెలిస్తే, ఆ పని ఎక్కడ ఆగిందో చెప్పవచ్చు.

ఆరో వారం నాటికి ఆడ, మగ పిండాలు రెండింటిలోనూ రెండు జతల నాళాలుంటాయి. ఒక జత వుల్ఫ్ నాళాలు. రెండోది 1830లో యోహానెస్ ముల్లర్ వివరించిన ముల్లర్ నాళాలు. గర్భసంచి తయారయ్యేది వీటితోనే. మగపిండంలో వృషణాల హార్మోన్ వీటిని కరిగించేస్తుంది. 1940లలో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ జోస్ట్ తల్లి కడుపులోని మగ కుందేలు పిండాలకు వృషణాలు తీసేసి చూస్తే, వాటిలోనూ ఆడ నాళాలే పెరిగాయి.

ఆపై జరిగేది మీ చేతులతోనే చూడవచ్చు. మణికట్లు, అరచేతులు ఆనించి, వేళ్లు మాత్రం రెండు పక్కలకీ విప్పండి. విప్పిన వేళ్లు ఫాలోపియన్ నాళాలు. ఆనుకున్న చోటు గర్భసంచి, దాని కింద యోని పైభాగం. అరచేతుల మధ్య ఉన్న గోడ తర్వాత కరిగిపోయి రెండు గదులు ఒకటవుతాయి.

అరచేతులు అసలు కలవకపోతే రెండు గర్భసంచులు. సగమే కలిస్తే రెండు కొమ్ముల గర్భసంచి. కలిసినా గోడ కరగకపోతే లోపల అడ్డుపొర. ఒక నాళం పెరగకపోతే ఒంటికొమ్ము గర్భసంచి. ముల్లర్ నాళం వుల్ఫ్ నాళాన్ని పట్టుకునే కిందికి దిగుతుంది, మూత్రపిండం మొలకెత్తేదీ ఆ వుల్ఫ్ నాళం నుంచే. అందుకే గర్భసంచిలో తేడా కనిపిస్తే మూత్రపిండాలు కూడా చూడాలి. ఒంటికొమ్ము ఉన్నవారిలో రెండో వైపు మూత్రపిండం లేకపోవడం తరచూ కనిపిస్తుంది.

ఈ చదువు విలువ ఆపరేషన్ టేబుల్ దగ్గర తెలుస్తుంది. లోపలి నుంచి చూస్తే అడ్డుపొర, రెండు కొమ్ములు ఒకేలా ఉంటాయి. తేడా గర్భసంచి పై అంచులో ఉంది: అంచు నునుపుగా ఉంటే అడ్డుపొర, లోతుగా నొక్కుకుపోతే రెండు కొమ్ములు. పొరైతే అవసరమైనప్పుడు లోపలి నుంచే కత్తిరించవచ్చు. కొమ్ములనే పొర అనుకుని కోస్తే గర్భసంచికే చిల్లు పడుతుంది. త్రీడీ స్కానింగ్, ఎంఆర్ఐ ఈ అంచునే చూపిస్తాయి.

ఈ చదువు పరీక్ష గదిలోనూ పనికొస్తుంది. పదమూడేళ్ల పిల్ల ఇంకా పెద్దమనిషి కాలేదు, కానీ నెలనెలా కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. పరీక్షిస్తే యోని ద్వారం దగ్గర నీలిరంగు పొర ఉబ్బి ఉంటుంది. నెలసరి రక్తం దాని వెనక నిలిచిపోయింది. చిన్న కోతతో బాధ తీరుతుంది. నొప్పే లేకుండా పదహారు దాటినా నెలసరి రాని పిల్ల సంగతి వేరు. దాదాపు 5,000 మందిలో ఒకరికి గర్భసంచి, యోని పైభాగం ఏర్పడవు. అండాశయాలు వేరే మూలం నుంచి పుడతాయి కనుక అవి చక్కగానే పనిచేస్తాయి. అలాంటి మహిళే 2014లో స్వీడన్‌లో, మార్పిడి చేసిన గర్భసంచితో తల్లయింది.

మూడో నెల నిండకముందే, తల్లికి ఏ కబురూ అందకుండానే, ఆ రెండు నాళాలు ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. ఒక్కోసారి కలుసుకోలేవు. ఆ తల్లిని గ్రహణం గురించి కాదు, బిడ్డ మూత్రపిండాల స్కానింగ్ చేయించారా అని అడుగుదాం.