పటం ఒకచోట, ఊరు మరోచోట

మా కలువాయి నుంచి ఉదయగిరి పోవాలంటే పెన్న దాటాలి. ఫిరంగులు లాక్కెళ్ళే దండుకి రేవెక్కడ, లోతెంత అన్నదే అసలు సంగతి. సైనిక పటం చూసేది అదే. మైసూరు యుద్ధాల్లో పనిచేసిన ఇంజనీరు కాలిన్ మెకంజీ పటాలతో ఆగలేదు. కావలి బొర్రయ్య, 1803లో ఆయన పోయాక తమ్ముడు లక్ష్మయ్య, ఊరూరా కైఫీయతులు సేకరించారు.

నన్ను పట్టేసింది ఆ కైఫీయతుల వచనం. దండు రావడం, చెరువు తెగడం, శిస్తు లెక్క, అన్నీ ఒకే గొంతులో, ఊపిరి తిప్పుకోకుండా. మన చారిత్రక నవలలకి ఆ నిబ్బరం లేదు. అయితే కరణం తన మాన్యం కాపాడుకోడానికి చెప్పిన మాటలూ వాటిలో కలిసుంటాయి. అందుకే పక్కన పటం కావాలి.

1821లో మెకంజీ పోయాక పటాలు చాలావరకు లండన్ చేరాయి, తెలుగు కాగితాలు చివరికి మద్రాసు చేరాయి. శిథిలమవుతున్నవాటికి సి.పి. బ్రౌన్ కొత్త నకళ్ళు రాయించాడు. (బ్యాకప్ అంటే అదే కదా, పాపం గుమస్తాల వేళ్ళు!) ఇప్పుడు స్కాన్ చేసి పడేస్తే సరిపోదు. ఒకే ఊరి పేరు పటంలో ఇంగ్లీషు చెవికి విన్నట్టు, కైఫీయతులో కరణం పలికినట్టు ఉంటుంది. ఆ రెంటినీ కలిపే సూచిక ముందు తయారవ్వాలి, అందమైన సంపుటాలు తర్వాత వేసుకోవచ్చు.