అంచు పోకుండా

మా వీధి చివర మిషను పెట్టుకున్న టైలరు ఈ వారం చేసిన పని నాకెంతో నచ్చింది. మా అబ్బాయికి కొన్న జీన్స్ పొడుగైంది. మామూలుగా అయితే కింద కత్తిరించి, మడిచి, కుట్టేసి ఇస్తారు. ఈయన ఒప్పుకోలేదు. "అంచు పోతే పాంటు కళ పోతుంది సార్, దాన్నట్లే ఉంచి కుడతా" అన్నాడు. కంపెనీ వేసిన అంచును పైకి మడిచి, ఆ నారింజరంగు దారాన్ని ఆనుకుని కుట్టు వేశాడు. పక్క కుట్టు దగ్గర గుడ్డ పొరలు పొరలుగా మందమవుతుంది కదా, అక్కడ సుత్తితో కొట్టి అణిచి, తొక్కడం ఆపేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ సూదిని ఒక్కో పోటే దించాడు. లోపల మిగిలిన గుడ్డ కత్తిరించి ఇస్త్రీ చేశాక చూస్తే, ఎక్కడ తగ్గించాడో వెతుక్కోవాలి.

అంచు మీద అంత పట్టుదల ఎందుకంటే, డెనిమ్‌లో నిలువు పోగుకే నీలిరంగు, అడ్డపోగు తెలుపు. ఆ నీలి కూడా దారం పైపైన పట్టుకుంటుందే గానీ లోపలిదాకా ఇంకదు. రాపిడి తగిలినచోటల్లా తెలుపు తేలుతుంది. ఉతికి అమ్మే జీన్స్‌లో అంచు గట్లు అప్పటికే తెల్లబడి ఉంటాయి. కత్తిరిస్తే ఆ తెలుపు తిరిగి రాదు.

రెడీమేడ్ వచ్చి కొలతలిచ్చి కుట్టించుకునే అలవాటును మింగేసిందని నేను ఎన్నిసార్లు రాశానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఆ నేరంలో మొదటి ముద్దాయి జీన్సే అనిపిస్తుంది. షర్టుగుడ్డ ఇంకా కొంటున్నాం, సూటు ఇంకా కుట్టిస్తున్నాం. జీన్స్ కుట్టించుకునేవాళ్లు ఎవరున్నారిప్పుడు?

ఒకప్పుడు ఉండేవాళ్లు. 1995లో అహ్మదాబాద్ అరవింద్ మిల్స్‌వాళ్లు 'రఫ్ అండ్ టఫ్' అని ఒక ప్యాకెట్ తెచ్చారు. అందులో పాంటుకు సరిపడా డెనిమ్ గుడ్డ, జిప్పు, గుండీ, రివెట్లు, నడుం మీద వేసే తోలుముక్క. కుట్టే పని ఊళ్లో టైలరుది. మా గుంతకల్లులో జీన్స్ కావాలంటే అప్పటిదాకా రైలెక్కి బళ్లారి వెళ్లేవాళ్లం. అక్కడ ఇంటింటా మిషన్లు ఆడేవి, ఇప్పటికీ ఆ ఊరి పేరు జీన్స్‌తోనే వినిపిస్తుంది. ప్యాకెట్ వచ్చాక మా టైలరు దగ్గరికే పరిగెత్తాం. జీవితమంతా టెరీకాటన్ కుట్టిన చెయ్యి ఆయనది. రివెట్టు కొట్టడానికి కింద ఇనపదిమ్మ పెట్టుకున్నాడు. మొదటి పాంటు రెండు రోజులు గోడకు తగిలించి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. తోలుముక్క కంపెనీదే, కానీ ఆ పాంటు మాకు ఆయన జీన్సే. తొడ దగ్గర కొంచెం వదులు, మోకాలి దగ్గర సరిగ్గా: ఎవరి కాలుకు వాళ్లది. అలాంటి పాంటు ఆ తర్వాత ఏ షాపులోనూ నాకు దొరకలేదు.

అసలు జీన్స్ పుట్టిందే అలాంటి కొట్లో. అమెరికాలో నెవాడా రాష్ట్రం, రెనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే టైలరు ఉండేవాడు. కూలిపని చేసే తన భర్తకు చిరగని పాంటు కావాలని ఒకావిడ అడిగింది. గుర్రాల దుప్పట్లకు వాడే రాగి రివెట్లు ఆయన కొట్లో ఉన్నాయి. జేబు మూలల్లో వాటిని కొట్టాడు. గిరాకీ పెరిగాక, తనకు గుడ్డ అమ్మే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి లెవీ స్ట్రాస్‌కు ఉత్తరం రాశాడు. 1873 మే 20న ఇద్దరికీ కలిపి పేటెంటు వచ్చింది. లోకానికి తెలిసింది మాత్రం వ్యాపారి పేరే.

అందుకే రెడీమేడ్ మీద నా ఫిర్యాదు అలాగే ఉన్నా, జీన్స్‌ను అందులో కలపలేకపోతున్నాను. పల్చటి పాంటు చిరిగితే పారేస్తాం. జీన్స్‌ను మాత్రం పొడవు తగ్గించమనీ, జిప్పు మార్చమనీ, మోకాలికి రఫూ కొట్టమనీ మళ్లీ టైలరు దగ్గరికే తెస్తాం. మా వీధి టైలరు ముందు గుట్టగా పడున్నవాటిలో ఎక్కువ జీన్సే. కొత్త బట్ట కుట్టే పని తగ్గినా ఆయన మిషను ఆగలేదంటే, ఆ గుట్ట వల్లే.

కొత్త జీన్స్ కొంటే ఒకసారి ఉతికి, గుడ్డ కుదించుకున్నాకే పొడవు తగ్గించడానికి ఇవ్వండి. అంచు అలాగే ఉంచమని చెప్పండి. దానికి ఆయన ఎక్కువ అడిగితే బేరమాడకండి.