ఉదజని బండి సరే, బంకు ఏది?

ఇంధన ఘటాన్ని గురించి మన పత్రికలలో వచ్చే వ్యాసాలు అనేకం ఒకే మాటతో ప్రారంభమవుతున్నవి: ఈ బండి నీటితో నడుస్తుంది, నీటినే విడుస్తుంది. రెండవ సగం నిజం. మొదటి సగాన్ని పదవ తరగతి విద్యార్థి సైతం ఖండించగలడు. నీరు ఇంధనం కాదు. ఉదజని మండగా మిగిలిన బూడిద వంటిది. బూడిదను తిరిగి కట్టెగా మార్చడానికి అయ్యే ఖర్చు మాటేమిటి?

ఘటం మాత్రం చక్కని సాధనమే. ఒక ప్రక్క ఉదజని, మరొక ప్రక్క గాలిలోని ఆమ్లజని, నడుమ పలుచని పొర. పొర ప్రోటాన్లను పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను పోనివ్వదు. అవి బయటి తీగ గుండా చుట్టి పోవలసి వస్తుంది. ఆ ప్రవాహమే విద్యుత్తు. 1969లో చంద్రునికి వెళ్ళిన అపోలో నౌకకు విద్యుత్తును, త్రాగునీటిని సమకూర్చినవి ఈ జాతి ఘటాలే.

ఇక లెక్క. విద్యుద్విశ్లేషణతో ఒక కిలో ఉదజనిని తీయడానికి సుమారు 50 యూనిట్ల విద్యుత్తు కావలెను. ఆ కిలోలో ఉన్న శక్తి 33 యూనిట్లు. ఘటం అందులో సుమారు సగాన్ని తిరిగి ఇస్తుంది. అనగా 50 పెట్టి 17 పొందుతున్నాము. నాంపల్లి మీదుగా పోయే మెట్రో రైలు తలపై తీగ నుండి నేరుగా విద్యుత్తును అందుకొని, ఈ నష్టాన్ని తప్పించుకొంటున్నది.

నిల్వ మరింత చిక్కు. 2 గ్రాముల ఉదజని 22.4 లీటర్లు ఆక్రమిస్తుందని పిల్లలకు చెప్పుతాము. కిలో 11,200 లీటర్లన్నమాట! కార్ల తొట్టిలో దీనిని వాతావరణ పీడనానికి 700 రెట్లు అదిమి ఉంచవలెను. ద్రవంగా మార్చాలంటే −253 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచవలెను. ఈ వాయువు సన్నని సందులలో నుండి కారిపోతుంది. కొన్ని రకాల ఉక్కును పెళుసుబారజేస్తుంది. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు. గన్‌ఫౌండ్రీ ఇరుకు వీథులలో బడులు, బస్సులు, జనం. అటువంటి చోట బంకు పెట్టదలచినవారు ముందు చెప్పవలసినది బండి వేగం కాదు, బడి గోడకు సిలిండరు ఎంత దూరమో. షెల్ సంస్థ 2024లో కాలిఫోర్నియాలోని తన కార్ల ఉదజని బంకులను మూసివేసిన సంగతి కూడ మన వ్యాసాలలో కనబడదు.

జాతీయ హరిత ఉదజని పథకాన్ని కేంద్రం 2023 జనవరిలో ఆమోదించినది. మొత్తం 19,744 కోట్ల రూపాయలు. అందులో 17,490 కోట్లు విద్యుద్విశ్లేషణ యంత్రాల తయారీకి, ఉదజని ఉత్పత్తికి ప్రోత్సాహకాలు. ప్రయోగాత్మక పథకాలకు 1,466 కోట్లు మాత్రమే. ఈ పంపకంలో కొంత వివేకం ఉన్నదని నా అభిప్రాయం.

అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత ఉదజని కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. పై లెక్కన రోజుకు ఏడున్నర కోట్ల యూనిట్లు! ఇంత ఖరీదైన వాయువును 600 కిలోమీటర్లు లారీలలో మోసి హైదరాబాదు కార్లలో పోయడమెందుకు? చెంతనే విశాఖలో చమురుశుద్ధి కర్మాగారం ఉన్నది. ముడిచమురు నుండి గంధకాన్ని తొలగించడానికి ఉదజని తప్పదు. ఎరువులకు మూలమైన అమ్మోనియాకూ తప్పదు. నేడు ఆ ఉదజని ఎక్కువగా సహజవాయువు నుండి, బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదలుతూ తయారవుతున్నది. అక్కడ తీగ పనికిరాదు, బ్యాటరీ పనికిరాదు. పూడిమడక ఉదజని మొదట చేరవలసిన చోటు అది.