తక్కువ తిరిగిన బండి

మంగళవారమో శనివారమో కొండగట్టుకు వెళ్తే అంజన్న గుడి దగ్గర పూజకు వరుస కట్టిన కార్లు చూడండి. బంపర్‌కు బంతిపూల దండ, బానెట్ మీద పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. అన్నీ షోరూమ్ నుంచి నేరుగా వచ్చినవేం కావు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ నంబరు ఇస్తున్నారు. టీఎస్ 02, టీఎస్ 21, ఇంకా వెనక్కి పోతే ఏపీ 15 ప్లేటుతో దండలు వేసుకుని నిలబడ్డవి చాలావరకు చేతులు మారి వచ్చినవే.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. మీటర్ వెనక్కి తిప్పారేమోనన్న అనుమానం మంచిదే. అయితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నిజంగానే తక్కువ తిరిగిన బండ్లు దొరుకుతాయి. దుబాయికో మస్కట్‌కో పోయినాయన సెలవు మీద వచ్చినప్పుడు కారు కొంటాడు. వేములవాడకూ ధర్మపురికీ పెళ్లిళ్లకూ తిప్పుతాడు. సెలవు అయిపోగానే రేకుల షెడ్డులో పెట్టి విమానం ఎక్కుతాడు. ఇంట్లో నడిపేవాళ్లుండరు. కొన్నేళ్లకు అమ్మకానికి పెడితే, కొన్నవాళ్లు మీటర్ చూసి మురిసిపోతారు. రోజూ కరీంనగర్ పోయొచ్చి, లక్ష దాటినా వేళకు ఆయిల్ మార్చుకున్న బండి నాకైతే ఇంతకంటే నయం.

నిలబడిన బండి మొదట పేచీ పెట్టేది సెల్ఫ్ దగ్గర. తాళం తిప్పితే టిక్‌టిక్ మంటుంది, ఇంజిన్ తిరగదు. వెంటనే కొత్త బ్యాటరీకి పరుగెత్తుతాం. నాకు తెలిసిన ఒక మెకానిక్ మాత్రం, "బ్యాటరీ ఇప్పుడే కొనకుండ్రి సార్, ముందుగాల టర్మినల్స్ గీకి చూద్దాం" అంటాడు. తెల్లగా, పచ్చగా పొక్కిన టర్మినళ్లు, వదులైన ఎర్తింగ్ వైరు కూడా అచ్చం బ్యాటరీ పోయినట్టే చేస్తాయి. అవి శుభ్రం చేశాకే మీటరు పెడతాడు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటే బ్యాటరీలో చార్జింగ్ ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.8 నుంచి 14.4 దాకా చూపించాలి. చూపించలేదంటే డైనమో సంగతి చూడాలి. డైనమో చార్జింగ్ ఇవ్వని బండికి కొత్త బ్యాటరీ వేస్తే అదీ పడుకుంటుంది.

తర్వాత ఎలుకలు. నవ్వకండి, షెడ్డులో ఆగిన బండిలో బానెట్ కింద వాటిదే రాజ్యం. డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి కోడ్ చదువుతారు. ఆక్సిజన్ సెన్సర్ అని వచ్చిందనుకోండి, సెన్సరే పోయిందని కాదు. దాని వైరు కొరికినా ఇదే కోడ్ రావచ్చు. వైరు వెంట వేలు పెట్టి చివరిదాకా చూసినవాడే మెకానిక్. కోడ్ చూసి పార్టు రాసిచ్చేవాడి దగ్గర బిల్లు పెరుగుతుంది, లైటు ఆరదు.

టైర్లు కూడా మోసం చేస్తాయి. గాడులు లోతుగా, నల్లగా నిగనిగలాడుతుంటాయి. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చదవండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని అర్థం. అరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది, పక్కల్లో సన్నగా పగుళ్లు వస్తాయి.

ఇక కొండగట్టు ఘాట్ రోడ్డు. కరీంనగర్ రోడ్డు మీద సూది కదలని బండి, ముందున్న ఆటో వెనక నెమ్మదిగా కొండెక్కేటప్పుడు హీటెక్కిందంటే నా అనుమానం ముందు ఫ్యాను మీదికే పోతుంది. వేగంగా పోతున్నప్పుడు రేడియేటర్‌ను ఎదురుగాలి చల్లబరుస్తుంది. నెమ్మదైతే ఆ పని ఫ్యానుదే. ఫ్యూజు, రిలే చూపించండి. రోడ్డు మీద కూడా హీటెక్కుతుంటే కూలెంట్ తగ్గిందా, బోరు నీళ్లు పోసి రేడియేటర్‌ను తుప్పు పట్టించారా, థర్మోస్టాట్ తెరుచుకోవట్లేదా అన్నది చూడాలి. వేడి మీద మూత మాత్రం తిప్పొద్దు, మొహం కాలుతుంది. ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరుగుతూ స్పీడు పెరగలేదంటే క్లచ్ ప్లేటు జారుతున్నట్టే.

దిగేటప్పుడు బయటపడేవి బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, బండి తిరిగినా తిరగకపోయినా. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పట్టినదానికి ఆ ప్రమాణం 140 డిగ్రీలే. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడి రావడం కష్టమేం కాదు. ఆయిల్ మరిగి బుడగలు పడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అందుకే కొన్న వారంలోనే, ఏ రంగులో ఉన్నా సరే, బ్రేక్ ఆయిల్ మార్పించాలంటాను. తొక్కగానే బండి ఒక పక్కకు లాగితే, ఇన్నాళ్లూ ఆగి ఉండటం వల్ల కాలిపర్ పిస్టన్ బిగుసుకుందేమో చూపించండి. దిగేటప్పుడు రెండో గేరులో దిగండి. 2018 సెప్టెంబర్ 11న ఇదే ఘాట్ దిగుతున్న ఆర్టీసీ బస్సు, పట్టాల్సిన వాళ్లకంటే ఎక్కువ మందితో లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఈ ప్రాంతంలో బ్రేకుల మాట తేలిగ్గా మాట్లాడలేం.

ఏ షెడ్డులోనూ రిపేరు కానిది ఒకటుంది, కాగితం. అమ్మినా ఆర్సీ మీద పాత పేరే ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత ఆ పేరున్నవాడిదేనని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్నవాళ్లకూ చిక్కే. 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ పేరు మార్చుకోకపోతే సొంత బండి నష్టానికి క్లెయిమ్ రాదు. ఫైనాన్స్ ఉన్న బండికి ఫారం 35 కూడా కావాలి. అమ్మినాయన గల్ఫ్ మనిషైతే, సెలవు అయిపోకముందే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకోండి.